దేవుని గూట్లోని గోలీలు

ఆ వార్త నాకు మొదట చెప్పింది మా వార్డు ఆయమ్మ. దవాఖానలో అందరికీ ఆమె ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని. డాక్టర్లకూ ఖాలాయే, నర్సులకూ ఖాలాయే, చివరికి ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళయిన రోగులకు కూడా. ఆ మంగళవారం పొద్దున నేను జగిత్యాలలో బస్సు దిగి, తెల్లకోటు ఇంకా చేతిమీదే వేసుకుని మెట్లెక్కుతుంటే, తుడుపుకర్రతో ఎదురైంది.

"అరె గోలీల పిల్లా, నీ అవ్వ మళ్ళ అచ్చింది."

"ఏ అవ్వ ఖాలా?"

"గదే బేటీ, మల్లాపూర్ దిక్కు అవ్వ. మొన్ననే గద ఇంటికి తోలిచ్చినం. నిన్న పగటీలి పడిపోయిందట. గదే మంచం ఇచ్చిండ్రు. ఈసారి కోడలు మొఖం చూడాలె నువ్వు. నెత్తురు సుక్క లేదు."

నెలన్నరలో ఇది మూడోసారి. ఆమె అప్పుడే తుడిచిన మెట్టు మీదే నేను కాలుపెట్టి నిలబడిపోయాను. ఖాలా తిట్టలేదు. తిట్టలేదంటే విషయం చిన్నది కాదన్నమాట.

నేనప్పుడు ఫార్మసీ విద్యార్థినిని. మా చదువు చివరికి వచ్చేసరికి మమ్మల్ని నలుగురి చొప్పున దవాఖానకు పంపేవారు. కొన్ని వారాలు మెడికల్ వార్డు, కొన్ని వారాలు ఆపరేషన్ల వార్డు, ఆ తర్వాత పిల్లల వార్డు, ఇలా వంతులవారీగా తిప్పుతారు. వార్డు పోస్టింగ్ అనేవాళ్ళం. మేము సూది వేయం, మందు రాయం. రోగి పక్కన కూర్చుని ఇంతకుముందు ఏ మందులు వాడారో అడగాలి. కేసు షీటులో డాక్టరు రాసిన మందులతో సరిచూడాలి. ఒకదానితో ఒకటి పడని మందులున్నాయా, మోతాదు సరిగా ఉందా చూడాలి. ఇంటికి పంపేటప్పుడు ఏది ఎప్పుడు వేసుకోవాలో విడమరిచి చెప్పాలి. ఎక్కడైనా అనుమానం వస్తే మా సార్‌కు చెప్పాలి, సార్ డాక్టరుకు చెబుతారు.

తెల్లకోటు చూసి రోగులు మొదట "డాక్టరమ్మా" అంటూ లేచి కూర్చునేవారు. డాక్టర్లం కాము, మందుల చదువు చదివేవాళ్ళం అని చెప్పగానే, "గట్లనా, మెడికల్ షాపు పిల్లలా" అని మళ్ళీ అటు తిరిగి పడుకునేవారు. మా దిక్కున మాత్రను గోలీ అంటారు. అందుకే ఖాలా మాకు గోలీల పిల్లలని పేరు పెట్టింది. కాలేజీలో ఆ పేరు ఎవరికీ నచ్చలేదు. నాకు మాత్రం నచ్చింది. ఈనాటికీ ఎవరైనా అలా పిలిస్తే లోపల ఒక దీపం వెలిగినట్టే ఉంటుంది.

నేను ఆ వార్డు దాకా వచ్చిన దారి కొంచెం చెప్పాలి. మాది సిరిసిల్ల. మా నాన్నను బాపు అంటాం; బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. వాడకట్టులో ఒక్కొక్క ఇంట్లో సాంచ చప్పుడు ఆగిపోతూ వచ్చిన రోజుల్లో, మిగిలినవాళ్ళతో పాటే బాపు కూడా మమ్మల్ని తీసుకుని భీవండి పోయాడు. అక్కడ బడి ఉంది గానీ అది మరాఠీ బడి. రెండు రోజులు కూర్చుని మూడో రోజు ఏడ్చుకుంటూ వచ్చేశాను. అప్పుడు అవ్వే నాకు ఇంట్లో చదువు మొదలుపెట్టింది. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. తను చదివింది ఐదో తరగతి. తనకు వచ్చినంత వరకు నేర్పింది. అయిపోయాక, "ఇగ నువ్వు చదువు, నేను ఇంట" అంది.

భీవండిలోనూ నిలదొక్కుకోలేక బాపు మస్కట్ వెళ్ళాడు. మేము అవ్వ పుట్టింటికి, కోరుట్లకు వచ్చేశాం. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. నేను ఎదురుగా కూర్చుని ఏది దొరికితే అది పైకి చదివేదాన్ని. పూజ పుస్తకం, పొట్లం కట్టిన పేపరు ముక్క, మందు సీసాతో వచ్చే మడతల కాగితం, ఏదైనా సరే. చదవడం అవ్వకు సరిపోయేది కాదు. చేతులు ఆపకుండానే అడిగేది:

"చదివితివి. ఇప్పుడు నాకు సమజయ్యేటట్టు చెప్పు."

చెప్పలేకపోతే, "అయితే నీకే సమజ్ గాలే, మళ్ళ చదువు" అనేది. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టి పాసయ్యాను. ఆ తర్వాత కాలేజీలు వచ్చాయి, పెద్ద పెద్ద పుస్తకాలు వచ్చాయి, గురువులు వచ్చారు. అందరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ నా మొదటి కాలేజీ అవ్వ చాట ముందరే.

ఇక వార్డులోని ఆ ముసలి అవ్వ సంగతి. డెబ్బై దాటిన మనిషి. చక్కెర జబ్బు. మా దవాఖానలోనే గోలీలు రాసిచ్చారు. మొదటిసారి పడిపోయి వచ్చినప్పుడు రక్తంలో చక్కెర అడుగంటి ఉంది. గ్లూకోజు ఎక్కించారు, తేరుకుంది. గోలీ సగానికి తగ్గించి పంపించారు. వారం తిరగక ముందే మళ్ళీ పడిపోయింది. మూత్రపిండాల పరీక్ష, ఇంకేవో పరీక్షలు చేశారు, అన్నీ బాగానే ఉన్నాయి. వార్డులో ఉన్నన్నాళ్ళు పిట్టలా కూర్చుని ముచ్చట్లు చెప్పేది. ఇంటికి వెళితే పడిపోయేది.

ఆ మాట ఊళ్ళోనూ వార్డులోనూ ఇంకోలా తిరిగింది. పక్క మంచం దగ్గరున్న ఆడమనిషి ఆ కోడలి ముందే, ఆమెకు వినబడేలాగే అనేది:

"దవాఖాన్ల నాలుగు మెతుకులు దొరుకుతున్నయ్ గద, గందుకే ఈడ మంచిగుంటది. ఇంటికాడ పెట్టేటోళ్ళుంటె కద."

కోడలు ముప్పై దాటని మనిషి. గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి పోయి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగేది. ఆ మాట ఎవరో ఫోనులో దుబాయ్‌లో ఉన్న కొడుకు చెవిన వేశారు. అతడు మొదట తల్లిని అడిగాడు, తర్వాత భార్యను అడిగాడు, ఆ తర్వాత అడగడం మానేశాడు. ఈ శుక్రవారం ఫోన్ చేస్తాను, అప్పటికీ అమ్మ మంచం మీదే ఉంటే టికెట్ తీసుకుని వచ్చేస్తాను, వచ్చి ఇంటి సంగతి చూస్తాను అన్నాడట. ఒప్పందం మధ్యలో వదిలి పోతే మళ్ళీ తీసుకునేది లేదని కంపెనీవాళ్ళు ముందే చెప్పారట. ఆ ఇంట్లో సంపాదించే చేయి అదొక్కటే.

అప్పట్లో మా వార్డులో చాలా మంచాల దగ్గర ఇదే కథ. రోగి పక్కన మగమనిషి కనపడేవాడు కాదు. "కొడుకు ఎక్కడ?" అని అడిగితే దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ అని జవాబు. ప్రతి దిండు కిందా ఒక ఫోను ఉండేది. శుక్రవారం అక్కడ సెలవు గనుక ఆ రోజు వార్డంతా ఫోన్లే మోగేవి.

ఆ మంగళవారం నేను దగ్గరికి పోగానే అవ్వ నా చేయి పట్టుకుంది.

"బిడ్డా, నా కోడలు నాకు బువ్వ పెడుతది. ఒట్టు. నేను ఎందుకు పడుతున్ననో గదొక్కటి చెప్పుండ్రి. శుక్రారం నా కొడుకు ఫోన్ జేసేవరకు నేను కూసోని మాట్లాడాలె. లేకుంటె వాడు అన్ని ఇడిసిపెట్టి అత్తడు."

"పెద్ద డాక్టరమ్మ చూస్తున్నది గద అవ్వా."

"కరీంనగర్ తోలిస్తరట. గాడ ఇంక పెద్ద పరీక్షలట. గది ఇంటె వాడు ఆగుతడా?"

నేను పాత కాగితాలు తీశాను. మా ఫారంలో ఒక గడి ఉంటుంది, 'ఇతర మందులు' అని. మొదటిసారి వచ్చినప్పుడు ఆ గడిలో 'లేవు' అని ఉంది. రెండోసారీ 'లేవు' అని ఉంది. రెండూ నా గుండ్రటి దస్తూరీయే. ఆ దస్తూరీ చూసుకుని మురిసిపోయేదాన్ని. మూడోసారి కూడా అడిగాను, "ఇంకేమన్న మందులు వాడుతున్నరా?" అని. అత్తా కోడళ్ళిద్దరూ ఒక్కసారే, "ఏం లెవ్వు" అన్నారు. రాయబోయి పెన్ను మూత పెట్టేశాను. ఎందుకో రాయబుద్ధి కాలేదు. ఆ రోజు ఆ గడి ఖాళీగానే వదిలాను.

సాయంత్రం కోరుట్లలో ఇంటికి వచ్చాను. రోగితో ఎలా మాట్లాడాలో ఇంట్లోవాళ్ళ మీద అభ్యాసం చేయమని మా సార్ ఎప్పుడూ చెప్పేవారు. నా రోగి ఎప్పుడూ మా అవ్వే. ఫారం తీసి ఎదురుగా కూర్చున్నాను. అవ్వ అప్పుడే దేవుని గూట్లో దీపం పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"పేరు చెప్పమ్మా."

"నా పేరు నీకెర్కలేదా? దవాఖాన్ల గిట్లనే అడుగుతవా, తంతరు నిన్ను."

"ఇతర మందులేమైనా వాడుతున్నారా?"

"నాకేం రోగమొచ్చింది మందులు వాడ? ఏం లెవ్వు. రాసుకో."

అలా అంటూనే గూట్లోంచి చిన్న సీసా తీసింది. అది మస్కట్ నుంచి బాపు పంపిన నొప్పుల తైలం. దాన్ని అరచేతిలో వేసుకుని మోకాలికి రాసుకోసాగింది.

"మరి గదేంది అవ్వా?"

"ఏది?"

"నీ చేతిల."

అవ్వ సీసా కేసి చూసింది, నా కేసి చూసింది. "గిది మందేంది? గిది మీ బాపు పంపింది."

నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఎడారి దేశం నుంచి ఏది వచ్చినా, సబ్బయినా, ఖర్జూరాలైనా, ముందు దేవుని దగ్గర పెడతాం. అక్కడ కష్టపడే మనిషి క్షేమంగా ఉండాలని దండం పెట్టుకుని తర్వాతే వాడుకుంటాం. మా ఒక్క ఇంట్లోనే కాదు, మా వాడలో మగవాళ్ళు దేశం దాటిన ప్రతి ఇంట్లోనూ అంతే. అలా దేవుని గూట్లోంచి చేతికొచ్చినదాన్ని ఎవరూ మందు అనరు. నేనూ అనలేదు, ఫార్మసీ చదువుతూ కూడా. ఆ సీసా ఎన్ని ఏళ్ళుగా ఆ గూట్లో ఉందో! ఒక్కసారైనా దాని మీద రాసింది చదవలేదు.

ఆ రాత్రి అన్నం తినేముందు గూటి ముందు మామూలు కంటే ఎక్కువ సేపే కూర్చున్నాను. ఏమడిగానో చెప్పను. అడిగింది నా కోసం కాదు.

బుధవారం వార్డులో ఫారం తీయలేదు. మంచం అంచున కూర్చుని, మా అవ్వ నేర్పిన పద్ధతిలోనే అడిగాను.

"అవ్వా, ఇంటికాడ పొద్దున లేస్తవ్ గద. లేసినకాడికెల్లి ఏమేం జేస్తవో నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ఆమెకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. "ఏం జేత్త బిడ్డా, లేత్త. మొఖం కడుగుత. కోడలు తానానికి నీళ్ళు పెడుతది. తానం జేసి దేవునికి దీపం పెడుత. అంజన్నకు దండం పెట్టుకుంట. గోలీ ఏసుకుంట. గప్పుడు చాయ్ తాగుత. చాయ్‌ల రొట్టె..."

"ఆగు ఆగు. దీపం కాడ ఏ గోలీ?"

"గదే. నా కొడుకు పంపింది."

"దవాఖాన గోలీ కాదా?"

"దవాఖానది తిన్నంక కద. మీరే చెప్పిండ్రు. గిది దేవునికాడిది. బలానికి."

"మరి ఏం మందులు లెవ్వంటివి?"

ముసలమ్మ నన్ను జాలిగా చూసింది. "నా కొడుకు పంపింది మందెట్లయితది బిడ్డా?"

తర్వాత మెల్లగా మిగతాది తెలిసింది. తల్లికి చక్కెర జబ్బని వినగానే కొడుకు అక్కడ ఎవరినో అడిగి గోలీలు కొన్నాడు. సెలవు మీద ఊరికి వస్తున్న ఒకతని చేత పంపించాడు. అతడు గడప దగ్గరే గోలీల పొట్లం అందించి, "పొద్దుగాల ఒకటి ఏసుకొమ్మన్నడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పలేదు. మంచి దేశం నుంచి వచ్చింది కనుక బలానికే అయి ఉంటుందని వీళ్ళనుకున్నారు. కొడుకు అంతకుముందు పంపిన పాలపొడి డబ్బాలో వేసి దేవుని గూట్లో పెట్టారు.

"డబ్బా గూట్ల మీది అరల ఉంటది, నాకు చెయ్యందది," అంది అవ్వ. "కోడలే తీసి నా చేతుల పెడుతది. ఒక్కనాడు మరువది."

గోడకు ఆనుకుని నిలబడ్డ కోడలి ముఖం అప్పుడు చూశాను. ఖాలా చెప్పింది నిజమే.

"డబ్బా ఒకసారి తెస్తవా?" అని అడిగాను. ఆమె తల ఊపింది. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళింది. ఆ పూట అవ్వకు బువ్వ తినిపించే పని ఖాలా తీసుకుంది.

గురువారం పొద్దున కోరుట్ల బస్టాండులో నేను ఎక్కిన బస్సు మెట్‌పల్లి మీదుగా వచ్చింది. ఎక్కగానే, "అక్కా" అని పిలుపు. నడుమ సీట్లో ఆ కోడలు. ఒళ్ళో తువ్వాలలో చుట్టిన డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఉంది. కాళ్ళు ముడుచుకుని నాకు చోటిచ్చింది.

బస్సు కోరుట్ల దాటింది. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది:

"మా ఊళ్ళె తీసుకపోకుమన్నరు."

"ఎవరు?"

"మా చిన్నత్త. 'పిచ్చిదానా, ఒర్రె నీళ్ళల పారేసి రా. డబ్బా లేదని చెప్పు. రేపు ఏమన్న తేలితే నీ చేత్తోనే ఇచ్చినవ్ గద, నీ మెడకే సుట్టుకుంటది' అన్నది."

"మరి ఎందుకు తెచ్చినవ్?"

ఆమె ఇటు తిరిగింది. ఆ ప్రశ్న అడగడమే ఆమెకు వింతగా అనిపించినట్టుంది. "పారేస్తె, అత్తమ్మ ఎందుకు పడుతున్నదో మీకెట్ల తెలుస్తది?"

నేను డబ్బా మూత తీశాను. వెండి రంగు అట్టలు. ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. పైన ఎప్పుడూ వినని పేరు ఉంది. దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో, లోపల ఉన్న అసలు మందు పేరు ఉంది. ఆ పేరు నాకు తెలుసు. మా దవాఖాన అట్ట మీద కూడా అదే పేరు. ఇక్కడిది చిన్న మోతాదు, డబ్బాలోది దానికి నాలుగింతలు. దాన్ని పొద్దున్నే, కడుపులో మెతుకు పడకముందు, దీపం పెట్టగానే వేసుకుంటోంది. ఆ తర్వాత మేమిచ్చింది వేసుకుంటోంది. మేము మా గోలీని సగానికి తగ్గించినా ఏం లాభం!

"ఇసమా అక్కా గది?" ఆమె గొంతు వినబడీ వినబడనట్టుంది. "రోజు నా చేత్తోనే ఇచ్చిన."

చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నేను విద్యార్థిని. సార్ చూడాలి, డాక్టరు నిర్ధారించాలి, అప్పుడే రోగికి చెప్పాలి. నేర్చుకున్న పద్ధతి అది. ఆమె చేయి మాత్రం పట్టుకున్నాను. "ఇసం కాదు. నువ్వు తెచ్చి మంచి పని చేసినవ్" అన్నాను. జగిత్యాల దాకా ఆ చేయి విడవలేదు. ఆ దారి అంత పొడుగ్గా నాకెప్పుడూ అనిపించలేదు.

సార్ అట్టను కళ్ళజోడు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చూశారు. "ఇది ఎట్ల దొరికింది?" అన్నారు. చెప్పాను. "నువ్వే చెప్పాలె డాక్టరమ్మకు. నేను పక్కన నిలబడుత" అన్నారు. అంత పెద్ద మనిషి ఆ మాట అనడం నేను మరిచిపోలేను. చాలామంది తామే చెప్పేస్తారు.

డాక్టర్లు రౌండ్సుకు వచ్చేసరికి రెండు అట్టలూ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చాట ముందు చెప్పినట్టే చెప్పాను. పెద్ద డాక్టరమ్మ రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టి చూసింది. కరీంనగర్‌కు రాసిన కాగితం తీసి మధ్యకు చింపింది. తర్వాత పాత ఫారాలు తిరగేసింది.

"రెండుసార్లు 'లేవు' అని రాసింది ఎవరు?"

"నేనే మేడం."

ఖాలా తుడుపుకర్ర ఆగింది.

"బాగుంది," అంది డాక్టరమ్మ. "రాసినామెనే దిద్దింది. ఆ గడి పక్కన ఇంకో గడి గీయండి. 'ఎవరైనా ఇంటికి పంపినవి' అని రాయండి. రేపటి నుంచి ప్రతి ఒక్కరినీ అడగాలె."

స్కేలు పెట్టి ఆ గడి గీసింది నేనే. అంత నిటారుగా గీత ముందెప్పుడూ గీయలేదు, ఆ తర్వాతా గీయలేదు. నా జీవితంలో నేను గర్వపడినవి చాలా తక్కువ. వాటిలో ఆ గీత ఒకటి. దేవుడు నా చేత గీయించాడనే అనుకుంటాను.

ఇక ఇంటివాళ్ళకు చెప్పడం మిగిలింది. డాక్టరమ్మ అనుమతితో అది కూడా నాకే అప్పగించారు. కోడలు తీర్పు వినడానికి వచ్చినదానిలా మంచం పాదం దగ్గర నిలబడింది. పక్క మంచం ఆమె దుప్పటి మడత పెడుతున్నట్టు నటిస్తూ చెవి ఇటే పెట్టింది. ఆమెకు కూడా వినబడేలా చెప్పాను:

"ఒకటే కూర పొయ్యి మీదున్నది. నీ ఇంటాయన దుబాయ్ నుంచి ఉప్పు పంపిండు, నువ్వేసినవ్. దవాఖానోళ్ళం మేము గూడ ఏసినం. ఒకలేసింది ఒకలకు తెల్వదు. అందరు మంచికే ఏసిండ్రు. బువ్వ పెట్టక పడలేదు అవ్వ. గోలీ ఎక్కువై పడ్డది."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ మాత్రం కాసేపు ఆలోచించి అంది:

"అంటె, కూర నేనేనా?"

మొదట ఖాలా నవ్వింది. తర్వాత నర్సు, ఆ తర్వాత కోడలు. ఆ కోడలు నవ్వగా చూడటం నాకదే మొదలు. పక్క మంచం ఆమె దుప్పటి విప్పి మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది.

డబ్బా దగ్గర మాత్రం పేచీ వచ్చింది. గోలీలు పారేయాలి అంటే అవ్వ ఒప్పుకోలేదు. "నా కొడుకు చెమటోడ్చి పంపింది పారేత్తరా? దేవునికాడ పెట్టింది!" అని డబ్బాను గట్టిగా పట్టుకుంది. ఎవరు చెప్పినా వినలేదు. చివరికి నేను, "అవ్వా, డబ్బా నీ కొడుకుదే. డబ్బా నీకాడనే ఉంటది. లోపటియి నాకియ్యి, దవాఖానయి అండ్ల పోస్త. పొద్దుగాల దీపం పెట్టు, దండం పెట్టుకో. బువ్వ తిన్నంక కోడలు అదే డబ్బాలకెల్లి తీసిస్తది" అన్నాను. ఆమె డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "గట్లయితె మంచిదే" అంది.

శుక్రవారం మధ్యాహ్నం అవ్వ దిండుకు ఆనుకుని, నూనె రాసి దువ్విన తలతో, ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. రెండుసార్లు చూసిన చక్కెర పరీక్షా బాగుంది. ఫోను మోగింది. తెరమీద ఇనుప మంచం, ఆ పక్కన తాడు మీద ఆరేసిన బట్టలు, ఎండకు నల్లబడ్డ ఒక ముఖం.

"ఏమే అవ్వా, కూసున్నవా?"

"కూసున్న. నిలవడి చూపాల్నా?"

తర్వాత ఫోను నాకిచ్చింది. గోలీల సంగతంతా చెప్పాను. అతడు పంపిన గోలీలు మంచివేననీ, మోతాదు మాత్రం చాలా ఎక్కువనీ, అది ఎవరికీ తెలియదనీ చెప్పాను. డబ్బా తేవద్దని ఊళ్ళో చెప్పినా అతని భార్యే తెచ్చిందని కూడా చెప్పాను. అతడు మెడ మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను టికెట్ తీసుకుంట లేను మేడం," అన్నాడు చివరికి. "ఆమెకియ్యుండ్రి."

కోడలికి ఇచ్చాను. దూరంగా జరగబోయాను గానీ మంచాల మధ్య సందు ఎంత ఉంటుంది! వినబడింది.

"తిన్నవా?" అని అడిగాడు.

ఆమె, "ఆ" అంది.

ఆదివారం వాళ్ళు ఇంటికి వెళ్ళారు. అవ్వ మళ్ళీ పడిపోయి మా వార్డుకు రాలేదు. కోడలు మాత్రం నెల తిరగ్గానే వచ్చింది, ఇంకొక ముసలమ్మను వెంటబెట్టుకుని. ఆ ముసలమ్మ సంచిలో ఇంకొక డబ్బా. "మా వాడల ఇంటింటికి దేవుని గూడు చూసిన అక్కా. గీమెకాడ గిది దొరికింది. మంచిదో చెడ్డదో చూడుండ్రి" అంది. ఆ కోడలికి చదువు రాదు. అట్టల మీద గీతలను దవాఖాన అట్టతో పోల్చి చూస్తుందట, తేడా కనపడితే తీసుకువస్తుందట. ఖాలా విని, "ఇగో, ఇంకో గోలీల పిల్ల" అంది. ఆ తర్వాత కూడా ఆమె రెండు మూడుసార్లు అలాగే వచ్చింది.

నేనిప్పుడు సిరిసిల్లలో ఒక దవాఖానలో మందుల పని చూస్తున్నాను. నా దగ్గరికి కూడా పోస్టింగు మీద పిల్లలు వస్తారు, కొత్త కోట్లలో, కొత్త పెన్నులతో. వాళ్ళ ఫారంలో ఆ గడి అచ్చులో లేదు. నేను మొదటి రోజే వాళ్ళ చేత స్కేలు పెట్టి గీయిస్తాను. ఎందుకు మేడం అని అడుగుతారు. ఈ కథే చెబుతాను. నన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడు సంతోషంగానే ఉంటుంది, లేదని అబద్ధమెందుకు? అవ్వ చాట ముందు నేర్చుకున్నది నలుగురికీ పనికొచ్చిందన్న గర్వం నాకుంది.

కానీ నేను చేసింది ఒక మాట అడగడం. నన్ను దానికి ఎవరూ శిక్షించేవారు కాదు. ఆమె మాత్రం, ఒర్రెలో పారేస్తే ఎవరికీ తెలియని డబ్బాను, తన చేతి మీదికే నేరం వస్తుందని అనుకుంటూనే, ఒళ్ళో పెట్టుకుని మెట్‌పల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి జగిత్యాలకు ఇంకో బస్సు ఎక్కి తెచ్చింది. ఆమె పేరు నేను రాయలేదు, రాయకూడదు. అయినా ఇది చదివినవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ఈసారి మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, మల్లాపూర్ దిక్కున ఒక ఊళ్ళో తువ్వాలలో డబ్బా చుట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఆ కోడలిని ఒక్కసారి తలచుకోండి.